హాయిగా పడుకుందనుకున్న రాత్రి: ఒక ఏబీజీ కేసు, పూర్తి వివరాలతో

"రెండు రాత్రులుగా కూర్చునే ఉంది డాక్టరు గారూ. ఆక్సిజన్ పెట్టాకే అమ్మ హాయిగా పడుకుంది."

రాత్రి పదకొండుంబావుకు అత్యవసర విభాగంలో మంచం పక్కన నిలబడి ఆ కూతురు నాతో అన్న మొదటి మాట ఇది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేందుకు తల్లి వేలికి తగిలించిన క్లిప్పు 98 చూపిస్తోంది. ఆ అంకె నాకు చూపిస్తున్నప్పుడు ఆమె ముఖంలో ఊరట కనిపించింది. 2021లో కోవిడ్ రెండో విడత వచ్చిపోయాక మన ఇళ్లలో ఆ క్లిప్పు థర్మామీటర్ అంత పరిచయమైన వస్తువైపోయింది. 94 దాటితే గండం గడిచినట్లేనని చాలామంది మనసులో ముద్ర పడిపోయింది.

నన్ను భయపెట్టింది ఆ నిద్రే. "అమ్మా" అని రెండుసార్లు పిలిస్తే పలకలేదు. భుజం గట్టిగా తట్టితే కళ్లు తెరిచి, ఒక మాట గొణిగి, మళ్లీ మూసుకుంది. చేయి పట్టుకుంటే వెచ్చగా ఉంది, నాడి చేతిని తన్నినట్లు బలంగా కొట్టుకుంటోంది. మరోసారి లేపి రెండు చేతులూ చాచి అరచేతులు పైకెత్తమన్నాను. మణికట్ల దగ్గర చేతులు పక్షి రెక్కల్లా టపటపా వాలుతూ లేస్తూ ఉన్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మెదడుకు మత్తు ఎక్కించినప్పుడు చేతులు అలా ఆడతాయి. అది ఎంత పేరుకుందో వేలి క్లిప్పు చెప్పలేదు. దానికి ధమనిలోని రక్తం కావాలి. ఆ పరీక్షే ఏబీజీ, అంటే ధమని రక్తంలోని వాయువుల పరీక్ష.

మా వార్డులో రోగుల బంధువులకు ఎక్కువ కోపం తెప్పించే పరీక్ష కూడా ఇదే. నొప్పి ఎక్కువ, ఒక్కసారితో అయిపోదు, చేతికొచ్చిన చీటీలో అంకెలు అర్థం కావు. ఎందుకు చేశామో ఎవరూ విడమరిచి చెప్పరు. ఈ ఒక్క కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తే ఆ కోపం కొంత తగ్గుతుందని నా ఆశ. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

అంతకు ముందు జరిగింది

ఆమెకు 64 ఏళ్లు. ఉత్తరాంధ్రలో ఒక పల్లె. సిగరెట్టు ముట్టలేదు. కాని నలభై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో మంట రాజేసిన మనిషి. దానికి తోడు చుట్ట అలవాటు. మా ప్రాంతంలో ఆడవాళ్లు కొందరు నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని కాలుస్తారు, దాన్నే అడ్డపొగ అంటారు. అంగిటి క్యాన్సర్‌కు దారితీసే అలవాటు అది. ఈమె ఆరేళ్ల కిందట మానేసింది. ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా స్నానాలకు నీళ్లు కాచడం, పశువులకు దాణా ఉడకబెట్టడం పొయ్యి మీదే. గ్యాస్ ఉందా అని అడిగితే ఉందంటారు, మనం ఊరుకుంటాం. పొయ్యి వెలిగిస్తున్నారా అని విడిగా అడగాలి. నేను చాలా ఏళ్లు అడగలేదు.

ఏటా చలికాలంలో దగ్గు, కళ్లె, పిల్లికూతలు. మెట్లెక్కితే ఆయాసం. మూడేళ్ల కిందట ఊదుడు పరీక్ష చేసి సీవోపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అన్నారు, పీల్చే మందు రాశారు. తగ్గినట్లనిపించగానే ఆమె మానేసింది. ఈసారి నాలుగు రోజులుగా కళ్లె పచ్చబడి, ఆయాసం పెరిగి, చివరి రెండు రాత్రులూ పడుకోలేక మంచం మీద కూర్చునే గడిపింది. దగ్గరి పట్టణంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే క్లిప్పు 81 చూపించింది. వెంటనే సంచి ఉన్న మాస్కుతో నిమిషానికి 10 లీటర్ల ఆక్సిజన్ మొదలుపెట్టారు. మధ్యలో రెండుసార్లు నెబులైజర్ ఇచ్చారు, అది కూడా ఆక్సిజన్ సిలిండర్‌తోనే నడిపారు. అంబులెన్సులోనూ అదే మాస్కు. మొత్తం సుమారు మూడు గంటలు. గంటన్నర గడిచేసరికి ఆమె మాట్లాడటం తగ్గించిందనీ, తర్వాత కునికిందనీ కూతురు చెప్పింది.

అక్కడివారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. 81 చూసి ఆక్సిజన్ పెట్టని వైద్యుడు ఉండడు, ఉండకూడదు కూడా. ఆక్సిజన్ అందకపోతే మనిషి నిమిషాల్లో పోతాడు. లోపం ఒక్కచోటే జరిగింది. 90 దగ్గర ఆగాల్సింది 98 దాకా పోయింది. ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అన్న నమ్మకం వైద్యుల్లోనూ ఉంది, బంధువుల్లోనూ ఉంది.

మొదటి సూది పొరపాటు

మా డ్యూటీ డాక్టరు మణికట్టు దగ్గర సూది గుచ్చి రక్తం తీశాడు. యంత్రం రెండు నిమిషాల్లో చీటీ ఇచ్చింది. ఆక్సిజన్ 41 అని ఉంది. ఇది క్లిప్పులోలా శాతం కాదు, పాదరసం మిల్లీమీటర్లలో కొలిచే ఒత్తిడి. వేలి క్లిప్పు 98 అంటుంటే రక్తంలో ఆక్సిజన్ 41 ఉండే అవకాశం లేదు. సిరంజి చేతిలోకి తీసుకుని చూశాను. రక్తం నేరేడు పండు రంగులో ఉంది. అది సిరంజిలోకి తనంతట తాను ఎగదన్నలేదనీ, పిస్టన్ లాగాల్సి వచ్చిందనీ డాక్టరు ఒప్పుకున్నాడు. సూది ధమని పక్కనే ఉన్న సిరలోకి వెళ్లింది.

మళ్లీ గుచ్చాలి అనగానే కూతురు అడ్డుపడింది. "ఎన్నిసార్లు గుచ్చుతారండీ? ఇప్పుడే కదా అమ్మ కాస్త పడుకుంది!"

ఆ కోపంలో న్యాయం ఉంది. మామూలు రక్త పరీక్షకు మోచేతి మడతలో సిర చర్మం కిందే కనిపిస్తుంది. ధమని లోతుగా ఉంటుంది, దాని గోడ మందంగా ఉంటుంది, ఎముకకు ఆనుకుని ఉంటుంది. గుచ్చితే కలిగే నొప్పి వేరు. సిర రక్తంతోనూ కొంత పని జరుగుతుంది. ఆమ్లం ఎంత ఉందో సుమారుగా తెలుస్తుంది, అందులో కార్బన్ డయాక్సైడ్ 45 దాటకపోతే ధమనిలోనూ పేరుకోలేదని ధైర్యంగా చెప్పొచ్చు. కాని సిర రక్తంలో అది ఎక్కువ కనిపించినప్పుడు, ధమనిలో సరిగ్గా ఎంతుందో ఆ చీటీ చెప్పదు. ఆక్సిజన్ సంగతి అసలే చెప్పదు. ఆమె చీటీలో కార్బన్ డయాక్సైడ్ 96 ఉంది. ఊహించుకుని వైద్యం చేయగల అంకె కాదది.

ఈసారి నేనే కూర్చున్నాను. చేతి కింద చిన్న తువ్వాలు మడిచి పెట్టి మణికట్టును కొద్దిగా వెనక్కి వంచాను. బొటనవేలి వైపు నాడి దొరికే చోటే సూది వెళ్లాల్సిన చోటు. ముందుగా ఆమె పిడికిలి బిగించి, మణికట్టులోని రెండు ధమనులనూ నా బొటనవేళ్లతో నొక్కాను. పిడికిలి తెరిస్తే అరచేయి పాలిపోయింది. చిటికెనవేలి వైపు ధమనిని వదిలితే అయిదారు సెకన్లలో ఎర్రదనం తిరిగి వచ్చింది. అంటే ఒక ధమనికి దెబ్బ తగిలినా రెండోది చేతిని పోషిస్తుంది. ఈ పరీక్షను పూర్తిగా నమ్మడానికి లేదు, కాని పది సెకన్ల పనిని వదులుకోవడమెందుకు? తర్వాత చర్మం కింద లిగ్నోకెయిన్ అనే మొద్దుబరిచే మందు కొద్దిగా ఎక్కించాను. ఒక్క నిమిషం ఆగితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. అయినా మన ఆసుపత్రుల్లో తీరిక లేదన్న పేరుతో దాన్ని వదిలేస్తాం. ఆ రాత్రి తర్వాత నా వార్డులో, ప్రాణం మీదికొచ్చిన క్షణంలో తప్ప, దాన్ని వదలనివ్వడం లేదు.

రెండు వేళ్ల మధ్య నాడిని పట్టుకుని సూదిని ఏటవాలుగా దించాను. సిరంజిలో చెర్రీ రంగు రక్తం గుండె లయతో తనంతట తానే దఫదఫాలుగా పైకి వచ్చింది. ధమని దొరికిందనడానికి గుర్తు అదే. ఒకటిన్నర మిల్లీలీటర్లు చాలు. సిరంజిలో గడ్డకట్టకుండా ముందే హెపారిన్ ఉంటుంది. చిన్న గాలి బుడగ కనిపిస్తే వెంటనే బయటకు నెట్టేశాను. బుడగ ఉండిపోతే అందులోని గాలి రక్తంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. ఈ కేసులో అలా తక్కువ చూపడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. యంత్రం పక్క గదిలోనే ఉంది. ప్లాస్టిక్ సిరంజిలో రక్తాన్ని అరగంటకు మించి నిల్వ ఉంచకూడదు.

సూది తీసిన చోట దూది పెట్టి కూతురి బొటనవేలు దానిమీద ఉంచాను. "అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి. మధ్యలో తీసి చూడకండి." రక్తం పలచబడే మందులు వాడేవారికైతే పది నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ మందులు వాడుతుంటే సూది పడకముందే చెప్పాలి. డయాలసిస్ కోసం ఒక చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేసి ఉంటే ఆ చేయి చూపించి ఇక్కడ వద్దని చెప్పాలి. తర్వాత చేతివేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, గుచ్చిన చోట వాపు పెరుగుతున్నా నర్సును పిలవాలి. మొదటిసారి తీసినప్పుడు ఇవేవీ ఆ కూతురికి ఎవరూ చెప్పలేదు. చేతికొక పని అప్పగించాక ఆమె కోపం సగం తగ్గిందని నాకనిపించింది.

చీటీలో అంకెలు

పీహెచ్ 7.21. కార్బన్ డయాక్సైడ్ 88. ఆక్సిజన్ 118. బైకార్బొనేట్ 34. లాక్టేట్ 1.6.

ఇలాంటి చీటీని బంధువులు ఫోనులో ఫొటో తీసుకుని ఎవరెవరికో పంపుతారు. అందుకే దాన్ని ఎలా చదివానో చెబుతాను.

ముందు పీహెచ్. రక్తంలో ఆమ్లం ఎంతుందో అది చెబుతుంది. 7.35 నుంచి 7.45 వరకు మామూలు. తగ్గితే ఆమ్లం పెరిగినట్లు. 7.40కీ 7.21కీ తేడా చూడటానికి చిన్నది. కాని ఈ కొలమానంలో చిన్న మెట్టు దిగితే పెద్ద లోతు. లెక్కగడితే ఆమె రక్తంలో ఆమ్లం మామూలుకు ఒకటిన్నర రెట్లు ఉంది.

ఆ ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చింది? రెండో అంకె చూడాలి. కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరసం ఉండాలి. ఇది ఊపిరితో బయటకు పోవాల్సిన వాయువు. పోకపోతే రక్తంలో నీటితో కలిసి ఆమ్లమవుతుంది. 88 అంటే రెట్టింపు. ఊపిరి వల్ల వచ్చిన ఆమ్లం ఇది. లాక్టేట్ 2 లోపే ఉంది కాబట్టి ఒంట్లో కణాలకు రక్తం అందక పుట్టిన ఆమ్లం కాదని కూడా తేలింది.

ఈ కేసులో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మూడో అంకె, బైకార్బొనేట్. మామూలుగా 22 నుంచి 26 ఉంటుంది. ఆమ్లాన్ని విరిచే ఈ క్షారాన్ని మూత్రపిండాలు కూడబెడతాయి. వాటికి ఆ పనికి రోజులు పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ గంటల్లో పెరిగితే, ప్రతి 10 పెరుగుదలకు బైకార్బొనేట్ సుమారు ఒకటి మాత్రమే పెరుగుతుంది. వారాలు, నెలల తరబడి పెరిగితే సుమారు నాలుగు పెరుగుతుంది. ఆమెకు ఇదంతా ఆ రోజు వచ్చిందే అయితే బైకార్బొనేట్ 29 దగ్గర ఉండాలి. అంతా పాతదే అయితే 43 దాకా ఉండాలి, పీహెచ్ 7.30 దాటి ఉండాలి. 34 ఈ రెండింటికీ మధ్య పడింది. అంటే ఎంతోకాలంగా ఆమె ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ కొంత ఎక్కువగానే ఉంటోంది, మూత్రపిండాలు చప్పుడు చేయకుండా సర్దుకుపోతున్నాయి. దాని మీద ఈ రాత్రి కొత్త భారం పడింది. పొద్దున లేవగానే తలనొప్పి వస్తుందా అని కూతుర్ని అడిగాను. "ఏడాదిగా వస్తోంది. కాఫీ తాగితే తగ్గుతుంది అంటుంది" అంది. రాత్రి నిద్రలో ఊపిరి పలచబడినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పెరిగి అలా తలనొప్పి తెస్తుంది.

ఇక ఆక్సిజన్ 118. ఎవరైనా చూసి భేష్ అనే అంకె. మామూలుగా 80 నుంచి 100. ఈమెకు 60 ఉంటే చాలు.

ఆక్సిజన్ ఎక్కువైతే ఏమవుతుంది

ఇది చెప్పినప్పుడు ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ప్రాణవాయువు ప్రాణం మీదికి తేవడమేమిటి అంటారు. ఆ రాత్రి కూతురికి పొలం లెక్కలో చెప్పాను, వాళ్లది వరి పండించే ఇల్లు కాబట్టి.

ఊపిరితిత్తులు చిన్న చిన్న మళ్లు అనుకోండి. గాలి వచ్చే మడికే రక్తం పారాలి, అప్పుడే రక్తం ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సీవోపీడీలో కొన్ని మళ్లకు గాలి సరిగా చేరదు. ఒంటికి ఆ సంగతి తెలుసు. అలాంటి మడి వైపు వెళ్లే రక్తనాళాన్ని బిగించి, గాలి బాగా వచ్చే మడి వైపు మడవ తిప్పుతుంది. ఏళ్ల తరబడి ఇలా ఉన్న కొద్దిపాటి గాలితోనే నెట్టుకొస్తుంది. మనం మాస్కుతో ఆక్సిజన్ కుమ్మరించగానే గాలి కదలని మళ్లలోనూ ఆక్సిజన్ చేరుతుంది. ఇక్కడా పంట ఉందనుకుని ఒళ్లు మడవలన్నీ విప్పేస్తుంది. రక్తం అటు కూడా పారుతుంది. ఆక్సిజన్ దొరుకుతుంది, కాని కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు తోసే గాలి కదలిక అక్కడ లేదు. ఆ రక్తం దాన్ని మోసుకుని తిరిగి వచ్చేస్తుంది.

దీనికి తోడు ఇంకోటి ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో నిండిపోతే కార్బన్ డయాక్సైడ్‌ను మోసే సత్తా తగ్గి, దాన్ని రక్తంలోకి వదిలేస్తుంది. ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే పురమాయింపు కూడా కొంత తగ్గుతుంది. మేము చదువుకునే రోజుల్లో ఈ చివరిదే అసలు కారణమని చెప్పేవారు. ఇప్పుడు మొదటి రెండింటికే ఎక్కువ పాత్ర ఉందని తెలుసు.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగే సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సుల్లో 405 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సీవోపీడీ అని నిర్ధారణ అయినవారికి ఆక్సిజన్‌ను 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా కొలిచి ఇస్తే, ధారాళంగా ఇచ్చినవారితో పోల్చినప్పుడు మరణాలు 9 శాతం నుంచి 2 శాతానికి తగ్గాయి. మందు అదే, కొలత మాత్రమే మారింది.

అంకెను తప్పుగా చదవడం ఎంత ఖరీదైనదో చెప్పే పాత ఘటన ఒకటి నాకెప్పుడూ గుర్తొస్తుంది. 1952లో కోపెన్‌హేగెన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లల రక్తంలో బైకార్బొనేట్ ఎక్కువ కనిపిస్తుంటే, అది క్షారం పెరిగిన జబ్బనుకున్నారు. మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ కాదన్నాడు. ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని వాదించాడు. ఆగస్టు 27న 12 ఏళ్ల బాలికకు గొంతులో గొట్టం వేసి, రబ్బరు సంచితో చేత్తో ఊపిరి ఊది చూపించాడు. ఆ తర్వాత వైద్య విద్యార్థులు వందల మంది వంతులవారీగా కూర్చుని పిల్లలకు చేతులతో ఊపిరి ఊదారు. అదే ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసిన పౌల్ ఆస్ట్రప్ ఆ అవసరంలోంచే రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను త్వరగా లెక్కగట్టే పద్ధతి తయారుచేశాడు. ఇవాళ మా పక్క గదిలో రెండు నిమిషాల్లో చీటీ ఇచ్చే యంత్రం వెనక ఆ పిల్లలున్నారు.

ఆ రాత్రి చేసిన వైద్యం

ఆక్సిజన్ ఎక్కువైందని తెలిసిన మరుక్షణం మాస్కు పీకేయాలనిపిస్తుంది. అది ఇంకో పెద్ద తప్పు. ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉండగా ఆక్సిజన్ ఒక్కసారిగా ఆపేస్తే, అది మొదట ఉన్న 81 కన్నా కిందికి పడిపోగలదు. తగ్గించాలి, తీసేయకూడదు. సంచి మాస్కు తీసి 28 శాతం ఆక్సిజన్ ఇచ్చే వెంచురి మాస్కు పెట్టాము. తెల్ల రంగు కొస ఉన్నది, నిమిషానికి 4 లీటర్లు. ఈలోగా నర్సు బైపాప్ యంత్రం సిద్ధం చేసింది. గొంతులో గొట్టం లేకుండానే ముఖానికి బిగించిన మాస్కు ద్వారా ప్రతి ఊపిరికీ గాలిని లోపలికి తోస్తుంది అది. లోపలి గాలి కదిలితేనే కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది.

మాస్కు కుదరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పళ్లు లేక బుగ్గలు లోపలికి పోయాయి. రెండు ముక్కుపుడకలున్నాయి, ఏళ్లుగా తీయని మరలు బిగుసుకుపోయాయి. పక్కల నుంచి గాలి బుసకొడుతూ ఆమె కళ్లలోకి తన్నుతోంది. పుడకలు కత్తిరిద్దామని ఒకరన్నారు. కూతురు ఏమీ అనలేదు, తల్లి ముక్కు మీద చేయి అడ్డం పెట్టింది. గాజుగుడ్డ మడతలు పెట్టి బుగ్గల పల్లం నింపి, పుడకల చుట్టూ మెత్త చేశాము. గాలి కారడం ఆగింది. మొదట లోపలికి తోసే ఒత్తిడి 12, వెలుపలికి వదిలేటప్పటి ఒత్తిడి 5. మెల్లగా మొదటిదాన్ని 18కి పెంచాము. నెబులైజర్‌ను ఆక్సిజన్‌తో కాకుండా మామూలు గాలితో నడిపాము. స్టెరాయిడ్, యాంటీబయాటిక్ మొదలయ్యాయి.

కూతురితో దాపరికం లేకుండా చెప్పాను. "గంట తర్వాత మళ్లీ ధమనిలో రక్తం తీస్తాను. 88 తగ్గుతుంటే ఈ మాస్కుతోనే గట్టెక్కుతాము. తగ్గకపోతే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాలి. ఇంకో సూది గుచ్చేది అది తెలుసుకోవడానికే." ఆమె అప్పుడు అడిగిన ప్రశ్న నాకు గుర్తుండిపోయింది: "అయితే ఇందాక అమ్మ పడుకోలేదా?"

క్లిప్పు ఇప్పుడు 90 చూపిస్తోంది. ఆ గంటసేపూ ఆ కుటుంబానికి అదే పెద్ద పరీక్ష. 98 నుంచి 90కి తగ్గితే రోగం ముదిరినట్లే కనిపిస్తుంది. కొడుకు రెండుసార్లు వచ్చి ఆక్సిజన్ పెంచమని నర్సును అడిగాడు. చివరికి ఒక కాగితం మీద "88–92 మధ్య ఉండాలి. పెంచకండి" అని పెద్ద అక్షరాలతో రాసి మంచం తలవైపు అంటించాను.

గంట తర్వాత: పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ 74, ఆక్సిజన్ 62. బైకార్బొనేట్ 33. ఆమె పిలిస్తే కళ్లు తెరుస్తోంది. మాస్కును చేత్తో తోసేయడానికి ప్రయత్నించింది. కూతురు కంగారుపడింది, నాకు మాత్రం అది శుభసూచకం. తెల్లవారుజామున నాలుగింటికి పీహెచ్ 7.33, కార్బన్ డయాక్సైడ్ 63. ఉదయం పదింటికి 7.37, 56. అప్పటికి ఆమె "బాబూ, కాస్త నీళ్లిప్పించు" అని అడిగే స్థితికి వచ్చింది.

లెక్కేస్తే ఆమెకు ఆ పన్నెండు గంటల్లో అయిదు సూదులు పడ్డాయి. అందులో ఒకటి మా పొరపాటు. ఇంకా ఎక్కువసార్లు తీయాల్సి వస్తుందనుకుంటే ధమనిలోనే సన్నని గొట్టం ఉంచేస్తాము, ప్రతిసారీ గుచ్చే అవసరం ఉండదు. మొదటి గంట చీటీ బాగుండటంతో ఆ రాత్రి అది పెట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే పెట్టి ఉండాల్సిందేమో అనిపిస్తుంది. కుడి మణికట్టు దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ వారం పాటు ఉంది.

ఇంటికి వెళ్లేటప్పుడు, ఆరు వారాల తర్వాత

తొమ్మిదో రోజున ఇంటికి పంపాము. ఆ రోజు మామూలు గాలిలో తీసిన చీటీ: పీహెచ్ 7.40, కార్బన్ డయాక్సైడ్ 51, బైకార్బొనేట్ 31, ఆక్సిజన్ 58. కొడుకు అప్పటికే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ కోసం ధరలు కనుక్కుని వచ్చాడు, అప్పు కూడా మాట్లాడుకున్నాడు. ఆగమన్నాను. ఇంట్లో దీర్ఘకాలం ఆక్సిజన్ పెట్టాలంటే, జబ్బు నెమ్మదించాక ధమని రక్తంలో ఆక్సిజన్ 55 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. గుండె కుడివైపు భారం పడినా, రక్తం చిక్కబడినా 59 దాకా ఒప్పుకుంటాము. జబ్బు తిరగబెట్టిన వారంలోనే తీసిన అంకెను పట్టుకుని జీవితాంతం ఆక్సిజన్ నిర్ణయించకూడదు. ఊపిరితిత్తులు కోలుకోవడానికి వారాలు పడుతుంది.

ఒక అట్టముక్క మీద తెలుగులో రాసిచ్చాను: "నాకు సీవోపీడీ ఉంది. ఆక్సిజన్ ఎక్కువైతే నాలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. 88–92 మధ్య ఉండేలా మాత్రమే ఇవ్వండి. నెబులైజర్ గాలితో నడపండి. మత్తుగా ఉంటే ఏబీజీ చేయండి." వెనక వైపు పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ అంకెలు రాశాను. అంబులెన్సులో కూర్చోగానే ఇది ముందు చూపించాలని కూతురికి రెండుసార్లు చెప్పించుకున్నాను. పీల్చే మందు ఎలా పీల్చాలో నర్సు మూడు రోజులు దగ్గరుండి నేర్పింది. అంతకు ముందు వాడినన్నాళ్లూ ఆమె మందును పీల్చకుండా నాలుక మీదే కొట్టుకుంటూ వచ్చిందని అప్పుడు బయటపడింది.

ఆరు వారాలకు నడుచుకుంటూ వచ్చింది. నీళ్లు కాచడానికి పొయ్యి పెరట్లోకి మార్చారట, కోడలు చూసుకుంటోందట. ఏబీజీకి కూర్చోబెడితే, నేను చెప్పకముందే చేయి చాచి మణికట్టు కింద చీర కొంగు మడిచి పెట్టుకుంది. "ఆ చురుక్కుమనని సూది ముందు వెయ్యి బాబూ" అంది. లిగ్నోకెయిన్ సంగతి గుర్తుపెట్టుకుంది. సూది తీయగానే దూది మీద తన బొటనవేలు తానే పెట్టుకుని, గోడ గడియారం వైపు తిరిగి కూర్చుంది.

పీహెచ్ 7.39, కార్బన్ డయాక్సైడ్ 49, బైకార్బొనేట్ 29, ఆక్సిజన్ 63. కాన్సంట్రేటర్ అక్కర్లేదని చెబితే కొడుకు చీటీని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దుటి తలనొప్పి గురించి అడిగాను. తగ్గిందంది. కార్డు ఏదమ్మా అంటే, బొటనవేలు దూది మీద నుంచి తీయకుండానే, రెండో చేత్తో బొడ్డుసంచి తెరిచి వక్కల మధ్య నుంచి ఆ అట్టముక్క బయటకు తీసింది. అంచులు అప్పటికే నలిగిపోయాయి. కొత్తది రాసిచ్చాను, ఈసారి వెనక వైపు ఇవాళ్టి అంకెలతో.